మన గుట్ట ఏ రంగులో ఉంది?

అనంతపురం పీఠభూమి మీద తనంతట తానుగా మొలిచే చెట్టూ చేమా, పొదా గడ్డీ ఎక్కడ ఎంత ఉన్నాయో చెప్పే పటాలు ఆరు దశాబ్దాలుగా తయారవుతూనే ఉన్నాయి. ఇప్పుడవి ఒక్కొక్కటిగా ఇంటర్నెట్‌లోకి వస్తున్నాయి. వాటితో ఊళ్ళకు పనేమిటి?

అమెరికా ల్యాండ్‌శాట్‌ ఉపగ్రహం కంటికి 22 సెంట్ల నేల ఒక్క చుక్క. దాని చిత్రంలో ఒక్కో చుక్క 30 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పు. ఇంకాస్త నిశితంగా చూసే యూరప్‌ సెంటినెల్‌-2కైతే చుక్కంటే రెండున్నర సెంట్లు. రొద్దం దగ్గరి గుట్టయినా, గుత్తి పక్కనున్న బయలైనా ఇలాంటి వేల చుక్కలుగా కంప్యూటర్‌ తెర మీద పరుచుకుంటుంది. ఒక్కో చుక్కకూ ఒక రంగు పడుతుంది. అడవికి ఒకటి, పైరుకు ఒకటి, పొదలకు మరొకటి, ఎందుకూ కొరగాదనుకున్న నేలకు వేరొకటి. రంగు వేసినవాళ్ళు ఆ గుట్ట ఎక్కి ఉండకపోవచ్చు. కానీ రేపు ఆ గుట్ట మీదికి గొర్రెలు పోతాయా, గాలిమరలు లేస్తాయా, సోలార్‌ పలకలు పరుస్తారా, నీలగిరి మొక్కలు నాటుతారా అని తేల్చేటప్పుడు ఆ రంగు మాట చెల్లుతుంది.

ఆ పటం ఎవరి దగ్గరుంది? ఎవరు చూడగలరు? తప్పుంటే ఎవరు దిద్దగలరు? ఈ మూడూ గొర్రెల కాపరికీ, గ్రామ సర్పంచికీ, బడిపంతులుకూ సంబంధించిన ప్రశ్నలే.

మార్చిలో మోడు, ఆగస్టులో మేత

అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాలు 2022 ఏప్రిల్‌ దాకా ఒకటే జిల్లా. పడమటి కనుమల వర్షచ్ఛాయలో ఉన్న నేల ఇది. నైరుతి మేఘం కనుమల అవతలే కుమ్మరించేసి ఇక్కడికి వట్టి చేతులతో వస్తుంది. ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్లకు అటూఇటూ. జైసల్మేర్‌ తర్వాత దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాగా దీన్ని చెబుతారు.

ఇంత తక్కువ వానకు తగ్గట్టే ఇక్కడి అడవీ ఉంటుంది. ఆళ్ళెత్తు పొదలు, వాటి నడుమ గడ్డి, అక్కడక్కడ చెట్లు. చిగర, సండ్ర, తెల్లతుమ్మ, బిల్లు, నారేపి పైన ఉంటే కింద బలుసు, పరికి, కలివి, తంగేడు, బందారు. శాస్త్రవేత్తలు వీటిని ముళ్ళ అడవులనీ, ఎండు ఆకురాల్చే అడవులనీ విడదీస్తారు. మార్చిలో చూస్తే అంతా మోడు. రెండు మంచి వానలు పడ్డాక చూస్తే లక్షల గొర్రెలకు మేత.

ఉపగ్రహాన్ని తికమక పెట్టేదీ ఈ రెండు ముఖాలే. వేసవిలో తీసిన ఒక్క చిత్రాన్ని నమ్ముకుంటే ఆకు రాల్చిన పొదల నేలా, చెనక్కాయ పీకేసిన చేనూ దాదాపు ఒకేలా కనిపిస్తాయి. అందుకని ఏడాది పొడవునా తీసిన చిత్రాలను వరుసగా పేర్చి చూడాలి. జూన్‌, జులైలో విత్తిన వేరుశనగ అక్టోబరు, నవంబరు నాటికి చేలోంచి పోయి ఎర్రనేల బయటపడుతుంది. సహజమైన పొద వానకు చిగిర్చి, చలికాలం నడిచేదాకా పచ్చగా ఉండి, మెల్లగా ఆకు రాలుస్తుంది. నడివేసవిలోనూ ఆకుపచ్చగా నిలిచేది సర్కారు తుమ్మ.

ఈ సర్కారు తుమ్మ చరిత్ర కూడా మన పక్క ఊళ్ళదే. మద్రాసు రాజధానిలో అడవుల అధికారిగా ఉన్న కర్నల్‌ బెడ్డోమ్‌ వంటచెరకు కోసమని విత్తనాలు తెప్పిస్తే, 1877లో కడప జిల్లా కమలాపురంలో వాటిని నాటారు. దక్షిణ, మధ్య అమెరికాల నుంచి వచ్చిన ఆ కంప ఇప్పుడు చెరువు గర్భాల్లో, వంకల వెంట, పోరంబోకుల్లో అల్లుకుపోయింది. పచ్చదనాన్ని మాత్రమే లెక్కపెట్టే పటంలో ఈ కంపకు మంచి మార్కులు పడతాయి. వేసవిలో ఆకు రాల్చిన చిగర చెట్టుకు సున్నా. పచ్చదనం ఎంతో చెప్పే పటం ఒకటి, అందులో ఈ నేలకు పుట్టినదెంతో చెప్పే పటం మరొకటి. అనంతపురానికి కావలసింది రెండోది.

మొక్కల జాబితా నుంచి పటం దాకా

ఇక్కడ ఏ మొక్కలున్నాయన్న ప్రశ్నకు జవాబులు పాతవే. మద్రాసు రాజధాని వృక్షసంపద మీద 1915లో గాంబుల్‌ మొదలుపెట్టిన గ్రంథం 1936లో పూర్తయింది. అప్పటి అనంతపురం జిల్లా కూడా దాని పరిధిలోదే. ఆ తర్వాత శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం ఆచార్యుడు టి.పుల్లయ్య, ఎన్‌.యశోద కలిసి ఒక్క అనంతపురం జిల్లా మొక్కలకే 1989లో ఒక పుస్తకం తెచ్చారు. గుట్టగుట్టకూ తిరిగి, కొమ్మలు ఎండబెట్టి, కాగితాలకు అంటించి, పేర్లు తేల్చిన పని అది. అయితే పుస్తకం ఏమేం ఉన్నాయో చెబుతుంది. ఎంత మేర ఉన్నాయో, ఎక్కడ తగ్గిపోతున్నాయో చెప్పాలంటే పటమే కావాలి.

ఆ దారిలో తొలి పెద్ద అడుగు పుదుచ్చేరిలో పడింది. 1955లో మొదలైన ఫ్రెంచ్‌ ఇన్‌స్టిట్యూట్‌, భారత వ్యవసాయ పరిశోధన మండలితో కలిసి 1960ల్లో దక్షిణ భారత వృక్షసంపద పటాలు గీసింది. వాటి స్కేలు పది లక్షలకు ఒకటి. అంటే పటంలో ఒక సెంటీమీటరు నేల మీద 10 కిలోమీటర్లు. మన ఉమ్మడి జిల్లా మొత్తం జానెడు చోటులో ఇమిడిపోతుంది. 1968లో ఛాంపియన్‌, సేథ్‌ దేశంలోని అడవులను 16 పెద్ద వర్గాలుగా విడదీశారు. అటవీశాఖ ఇప్పటికీ ఆ పేర్లనే వాడుతోంది.

అసలు మలుపు అంతరిక్ష శాఖ, బయోటెక్నాలజీ శాఖ కలిసి చేపట్టిన జీవవైవిధ్య పటాల పథకంతో వచ్చింది. పి.ఎస్‌.రాయ్‌ బృందం 2015లో ప్రకటించిన ఆ జాతీయ పటం మన సొంత రిమోట్‌ సెన్సింగ్‌ ఉపగ్రహాల చిత్రాలతో గీసినది. అందులో 100 రకాల వృక్షసముదాయాలున్నాయి. స్కేలు 50 వేలకు ఒకటి, అంటే సెంటీమీటరుకు అర కిలోమీటరు. పటం సరిగ్గా ఉందో లేదో 15,565 చోట్ల నేల మీది వాస్తవంతో సరిచూస్తే 90 శాతం కచ్చితత్వం తేలింది. మిగిలిన పది శాతం మీ ఊరి గుట్టే కావచ్చు. ఊరివాళ్ళు పటం చూడాల్సిన అవసరం అక్కడే మొదలవుతుంది.

ఈలోగా తలుపులు కూడా కొంచెం కొంచెం తెరుచుకున్నాయి. 2008లో ల్యాండ్‌శాట్‌ పాత చిత్రాల భాండాగారాన్ని అమెరికా ప్రపంచానికి ఉచితం చేసింది. అదే ఏడాది డిసెంబరులో ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్‌ మొదలైంది. 2009 ఆగస్టు 12న ఇస్రో తన పటాల పోర్టల్‌ భువన్‌ను ప్రారంభించింది. దాన్ని నడిపేది హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్‌ సెన్సింగ్‌ కేంద్రమే.

ఒకే గుట్ట, నాలుగు లెక్కలు

ఇన్ని పటాలున్నప్పుడు అన్నీ ఒకే మాట చెప్పాలి కదా. చెప్పవు.

రెండేళ్ళకోసారి వచ్చే అటవీ స్థితి నివేదికను డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్‌ సర్వే ఆఫ్‌ ఇండియా తయారుచేస్తుంది. ఒక హెక్టారు, అంటే రెండున్నర ఎకరాల నేలలో చెట్ల గొడుగు పది శాతానికి మించితే దాన్ని అటవీ విస్తీర్ణంలో కలుపుతుంది. భూమి ఎవరిదైనా, చెట్టు ఏదైనా సరే. మామిడి తోట, నీలగిరి తోట కూడా ఆ లెక్కలోకి రావచ్చు. అడవి భూమిలోనే చెట్ల గొడుగు పది శాతానికి తగ్గితే ‘స్క్రబ్‌’ అని పక్కన పెడుతుంది. అనంతపురం సహజ అడవిలో చాలా భాగం ఈ గీతకు కాస్త పైనో, కాస్త కిందో ఊగిసలాడేదే.

కేంద్ర భూవనరుల శాఖ, జాతీయ రిమోట్‌ సెన్సింగ్‌ కేంద్రం కలిసి తెచ్చే వేస్ట్‌ల్యాండ్స్‌ అట్లాస్‌ది వేరే లెక్క. 2019 నాటి అట్లాస్‌ ప్రకారం దేశంలో 5.58 కోట్ల హెక్టార్లు, అంటే దాదాపు 17 శాతం నేల వృథా భూమి. దాని 23 తరగతుల్లో ‘దట్టమైన పొదలున్న నేల’ ఒకటి, ‘పల్చని పొదలున్న నేల’ ఇంకొకటి. పొదలు దట్టంగా ఉన్నా సరే ఆ నేల అట్లాస్‌లో వృథా ఖాతాలోనే ఉంటుంది.

మూడోది రెవెన్యూ లెక్క. మీభూమి పోర్టల్‌లో అడంగల్‌ తీస్తే గుట్ట, మేత పోరంబోకు, బంజరు, అసైన్డ్‌ అని ఉంటుంది. ఆ నేల మీద తనంతట తానుగా ఏం మొలుస్తోందో అందులో ఉండదు.

నాలుగోది ఈమధ్య చేరింది. ఎం.డి.మధుసూదన్‌, బెంగళూరు ఏట్రీ సంస్థకు చెందిన అబీ తమీమ్‌ వనక్‌ దేశంలోని పాక్షిక శుష్క ప్రాంతాల గడ్డిభూములనూ, పొదల నేలలనూ, రాతి బయళ్ళనూ ఒకే పటంగా గీశారు. వాటికి ‘సహజ బహిరంగ ఆవరణ వ్యవస్థలు’ అని పేరు పెట్టారు. దేశం నేలలో దాదాపు పదోవంతు అవే. అందులో అయిదు శాతం కూడా అభయారణ్యాలూ జాతీయ పార్కుల్లో లేదు. ఈ పటాన్ని వాళ్ళు శాస్త్ర పత్రికలో అచ్చువేసి ఊరుకోలేదు. ఎవరైనా తెరిచి తమ ఊరిదాకా దగ్గరికి లాక్కుని చూసుకునేలా ఇంటర్నెట్‌లో పెట్టారు.

ఒకే గుట్ట ఒక పటంలో స్క్రబ్‌, రెండోదాంట్లో వృథా, మూడోదాంట్లో పోరంబోకు, నాలుగోదాంట్లో కాపాడుకోవలసిన ఆవరణ వ్యవస్థ. నాలుగూ పక్కపక్కన పెట్టి చూసే అవకాశం లేనన్నాళ్ళూ, ఫైలు కదిలించేవారికి అనువైన లెక్కే నిజమై కూర్చుంటుంది.

కల్పవల్లి చెప్పే పాఠం

చెన్నేకొత్తపల్లి కేంద్రంగా 1990లో మొదలైన స్వచ్ఛంద సంస్థ టింబక్టు కలెక్టివ్‌, ముష్టికోవెల, చుట్టుపక్కల ఊళ్ళ జనంతో కలిసి బోసిపోయిన గుట్టలను మళ్ళీ పచ్చబరిచింది. మొక్కలు నాటడం కన్నా ముందు నిప్పు పడకుండా, నరకకుండా, మేపుడు మితిమీరకుండా చూసుకున్నారు. వేర్లలో ప్రాణం మిగిలిన చెట్లు వాటంతటవే లేచాయి. కప్పుకు బోదగడ్డి, చీపుర్లకూ చాపలకూ ఈత, పశువులకు మేత, కింది చెరువులకు నీరు వచ్చాయి. తోడేలు, కృష్ణజింక కూడా తిరిగే ఈ నేలకు కల్పవల్లి అని పేరు పెట్టుకున్నారు. వేల ఎకరాల ఆ గుట్టలు కాగితాల్లో మాత్రం రెవెన్యూ బంజరుగానే ఉండిపోయాయి.

2010 తర్వాత ఆ గుట్టల శిఖరాల మీద గాలిమరలు లేచాయి. వాటిని మోసుకెళ్ళే భారీ లారీల కోసం కొండ వాలుల్ని తొలిచి రోడ్లు వేశారు. వివాదం జాతీయ హరిత ట్రైబ్యునల్‌ దాకా వెళ్ళింది. గాలిమరలకూ, సోలార్‌ విద్యుత్‌ కేంద్రాలకూ 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్‌ వర్తించదు. డ్యాముకో గనికో జరిగే ప్రజాభిప్రాయ సేకరణ వీటికి ఉండదు. కాబట్టి ఇక్కడ ఏం మొలుస్తోందని అధికారికంగా అడిగే ఘట్టమే రాదు. నంబులపూలకుంటలో 1,500 మెగావాట్ల లక్ష్యంతో సోలార్‌ పార్కు వచ్చిన ఉమ్మడి జిల్లా ఇది. గాలీ ఎండా పుష్కలంగా ఉన్న ఈ పీఠభూమికి ఇలాంటివి ఇంకా వస్తాయి. దేశానికి ఆ కరెంటు కావాలి కూడా. ఏ గుట్టను ముట్టుకోకుండా ఏ బీడులో పలకలు పరవచ్చో ముందే తెలిస్తే కరెంటుకూ గుట్టకూ తగువే ఉండదు. అలా ముందే తెలియజేయగలిగింది నలుగురికీ అందుబాటులో ఉన్న వృక్షసంపద పటం ఒక్కటే.

పిట్ట కోసం పొదలు లెక్కపెట్టారు

పటం ఉంటే ఏం జరుగుతుందో తెలియడానికి పొరుగు జిల్లాకు వెళ్ళాలి. కలివి పొదల్లో తిరిగే కలివికోడి 1900లో అనంతపురం దగ్గర కనిపించినట్టు నమోదైంది. ఆ తర్వాత 86 ఏళ్ళు దాని జాడ లేదు. 1986 జనవరిలో కడప జిల్లా లంకమల అడవుల అంచున, స్థానికుల సాయంతో బొంబాయి నేచురల్‌ హిస్టరీ సొసైటీ శాస్త్రవేత్త భరత్‌ భూషణ్‌ దాన్ని మళ్ళీ కనుగొన్నారు. ఆ పిట్ట కోసం శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం వెలిసింది.

తర్వాత పి.జెగనాథన్‌, సహచరులు దాని నివాసాన్ని కొలిచారు. హెక్టారుకు 300 నుంచి 700 పెద్ద పొదలున్న చోటే అది ఎక్కువగా తిరుగుతుందని తేలింది. మన లెక్కలో ఎకరాకు సుమారు 120 నుంచి 280. మరీ చిక్కనైతే రాదు, మరీ పల్చనైతే రాదు. ఈ సూత్రం చేతికొచ్చాక ఉపగ్రహ చిత్రాల్లో అలాంటి పొదలను వెతకగలిగారు, కొన్నేళ్ళలో అవి ఎంత తరిగాయో అంచనా వేయగలిగారు. 2005లో తెలుగుగంగ కాలువ పనులు దాని ఆవాసంలోకి చొచ్చుకొచ్చినప్పుడు పోయేదేమిటో వేలు పెట్టి చూపగలిగారు. చివరికి కాలువ దారి మారింది. పొదలను వృథా ఖాతాలో వదిలేసి ఉంటే ఆ వాదనకు కాళ్ళే ఉండేవి కావు.

తెర మీద కనిపిస్తే సరిపోతుందా?

ఇంటర్నెట్‌లో పెట్టడమంటే అద్దాల బీరువాలో పెట్టి తాళం వేయడం కాకూడదు. పీడీఎఫ్‌లో జిల్లా మొత్తానికి ఒక్క అంకె ఇస్తే ఊరికి ఉపయోగం లేదు. పటం తెర మీద కనిపించినా దించుకోవడానికి వీల్లేకపోతే దాన్ని సర్వే నంబర్ల పటంతో కలిపి చూడలేం. దించుకున్నా, వాడుకునే హక్కు రాసి ఇవ్వకపోతే పత్రికలో అచ్చు వేయడానికీ, కోర్టులో చూపడానికీ సందేహమే.

చట్టాలు, విధానాలు అనుకూలంగానే ఉన్నాయి. సమాచార హక్కు చట్టంలోని నాలుగో సెక్షన్‌, ఎవరూ అడగకముందే సమాచారం బయటపెట్టమంటుంది. ప్రజాధనంతో సేకరించిన డేటాను పంచుకోవాలని 2012 జాతీయ విధానం చెబుతోంది. 2021 ఫిబ్రవరిలో కేంద్రం పటాల తయారీ మీద పాత ఆంక్షలు సడలించింది. 2022 డిసెంబరులో జాతీయ జియోస్పేషియల్‌ విధానం వచ్చింది. రాష్ట్రాలు గుర్తించిన అడవుల వివరాలను కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైట్‌లో పెట్టాలని సుప్రీంకోర్టు 2024 ఫిబ్రవరి 19న ఆదేశించింది. అడవి అంటే ఏమిటో చెప్పిన 1996 నాటి గోదావర్మన్‌ తీర్పు అమలుకు ఇది కొనసాగింపు. నివేదికలు వెబ్‌సైట్‌లోకి వచ్చాయి. కానీ చాలా వాటిలో ఫలానా అడవి ఎక్కడుందో చెప్పే పటమే లేదు.

బయట చూస్తే దారులు కనిపిస్తాయి. బ్రెజిల్‌లో 2015లో మొదలైన మ్యాప్‌బయోమాస్‌, 1985 నుంచి ఏటేటా ఏ నేల అడవిగా ఉందో, ఏది పొదగా, ఏది పొలంగా మారిందో పటాలు గీసి ఉచితంగా ఇస్తోంది. మన ముళ్ళ అడవులను పోలిన కాటింగా ప్రాంతం కూడా అందులో ఉంది. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్‌ వేల్స్‌ ప్రభుత్వం 2022లో రాష్ట్రమంతటి సహజ వృక్షసంపద పటాన్ని తన ‘సీడ్‌’ పోర్టల్‌లో ఉంచింది. పటం మీద ఒక చోట నొక్కితే అక్కడ ఏ సముదాయం ఉండాలో పేరుతో సహా వస్తుంది.

మనకు అదనంగా కావలసింది ఒకటుంది. పటంలోని తరగతులు ఊరి పేర్లతో పలకాలి. ‘ఓపెన్‌ స్క్రబ్‌’ అంటే కాపరికి అర్థం కాదు. ‘చిగర, బలుసు, బోదగడ్డి’ అంటే ఆ గుట్టను గుర్తుపట్టి, ‘అక్కడ ఇప్పుడు చిగర లేదు, కంప అల్లుకుంది’ అని దిద్దగలడు. నేల మీది వాస్తవంతో సరిచూసేందుకు అంతకన్నా చవకైన, నమ్మకమైన మార్గం లేదు.

అన్నీ బయటపెట్టకూడదు కూడా. ఎర్రచందనం ఎక్కడుందో అడుగు తేడా లేకుండా చూపితే దొంగలకు దారి చూపినట్టే. అరుదైన పిట్ట గూడూ అంతే. అలాంటి జాతుల ఆచూకీని బయోడైవర్సిటీ పోర్టళ్ళు కావాలనే మసకబారుస్తాయి. ఊరి నాటువైద్యుడి మందుమొక్కల తెలివిడి కూడా అతని అనుమతి లేకుండా తెరకెక్కకూడదు. పొదల నేల హద్దులకు మాత్రం ఏ రహస్యమూ అక్కర్లేదు.

మీ ఊరి గుట్టను మీరే చూడండి

• భువన్‌లో మీ ఊరి పేరు వెతకండి. భూ వినియోగ పటాల పొర తెరిచి గుట్టకు ఏ తరగతి రాశారో చూడండి.

• మధుసూదన్‌, వనక్‌ల బహిరంగ ఆవరణ వ్యవస్థల పటంలో అదే చోటు వెతికి, తేడా ఉందేమో పోల్చండి.

• గూగుల్‌ ఎర్త్‌లో పాత చిత్రాలు చూపే సదుపాయం ఉంది. మార్చి చిత్రాన్ని సెప్టెంబరు చిత్రంతో, పదేళ్ళ కిందటి దాన్ని ఇప్పటి దాంతో పక్కపక్కన పెట్టండి.

• మీభూమిలో ఆ సర్వే నంబరు అడంగల్‌ తీసి రికార్డులో ఏముందో రాసుకోండి.

• గుట్ట ఎక్కి మొక్కలు ఫొటో తీసి ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్‌లోనో, ఐనాచురలిస్ట్‌లోనో పెట్టండి. మీ ఊళ్ళో పిలిచే పేరు తప్పక చేర్చండి.

ముందు పటం

ఈ పనికి కొత్త ఉపగ్రహం అక్కర్లేదు. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి పంచాయతీకీ ఒక జీవవైవిధ్య యాజమాన్య కమిటీ, ఒక ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్‌ ఉండాలి. విశ్వవిద్యాలయంలో మొక్కల నమూనాలున్నాయి. హైదరాబాద్‌లో పటాలున్నాయి. మీభూమిలో సర్వే నంబర్లున్నాయి. ఊళ్ళలో పేర్లు తెలిసిన పెద్దలూ, ఫోన్లు పట్టిన పిల్లలూ ఉన్నారు. ఈ నాలుగింటినీ ఒకే తెర మీదికి తెచ్చే పూనిక ఒక జిల్లా కలెక్టరేట్‌ చేయగలిగినదే.

చేసి ఏం చేయాలంటే, చిన్న నియమం ఒకటి పెట్టుకోవాలి. ఏ గుట్టనైనా, బయలునైనా ఎవరికైనా కేటాయించే ముందు ఆ సర్వే నంబరులో ఏం మొలుస్తోందో చూపే పటాన్ని తెలుగులో గ్రామసభ ముందు పెట్టాలి. అభ్యంతరాలకూ దిద్దుబాట్లకూ గడువివ్వాలి. పటం తప్పని తేలితే పటాన్నే మార్చాలి, ఒప్పని తేలితే నిర్ణయాన్ని మార్చాలి. ఇప్పటిదాకా కేటాయింపు ముందు జరిగి, అక్కడేం పోయిందన్న లెక్క తర్వాత వస్తోంది. మారాల్సింది ఆ వరుస: ముందు పటం, ఆ తర్వాతే పట్టా.